రన్‌వే ఇరవై ఏడు

చిట్టీ ఎత్తిన పైసలు లోపలి జేబుల పెట్టుకొని
(ఆ జేబు నేనే కుట్టుకున్న, దొంగచెయ్యికి అందదు)
సికింద్రాబాద్ల చినాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కిన.
లిఫ్టు ఖరాబు.

"గేమింగా, ఎడిటింగా, ఆఫీసు పనా?"
కళ్లద్దాల మీదికెళ్లి చూసిండు ఖలీల్.
"ఎగరాలె" అన్న.
నవ్వలే.
స్టూలు జరిపి, ఛాయ్‌కి కేకేసిండు.

"అందరు గ్రాఫిక్స్ కార్డు మీద పడి సస్తరు.
నీ పనికి ప్రాసెసర్ ముఖ్యం కాకా.
రెక్క మీద గాలెంత, ట్యాంకుల నూనెంత,
కింద ఊరెంత,
అన్ని లెక్కలు అదొక్కతే మొయ్యాలె."
సమజైంది.
కోటుకు గుండీలు మెరుస్తయి గని
భుజం నిలిపేది లోపలేసే బక్రం.

ర్యామ్ జంటగ తీసుకొమ్మన్నడు,
ముప్పై రెండు జీబీ, రెండు పుల్లలు.
చేతులు జంటగనే కత్తిరిస్తం కద, సరే అన్న.
పవర్ సప్లైల తొమ్మిది వందలు మిగులుతయా అంటే
నా మెడ దిక్కు చూసిండు.
"దారం కాడ కక్కుర్తి పడ్తవా నువ్వు?"
అప్పుడు చూసుకున్న,
టేపు తియ్యకుంటనే వచ్చిన ఇంటికెళ్లి.

గ్రాఫిక్స్ కార్డు పాతది.
ఎవడో ఏడాది పొడుగునా రాత్రింబగళ్లు
దీనితోని కనపడని నాణేలు తవ్వించిండట.
వాసన చూసిన: కాలిన దుమ్ము.
ఒక ఫ్యాను కిరకిరమంటది.
నా కాడ మిషన్ నూనె ఉన్నది.

కాళ్లకు రడ్డర్ పెడల్స్, పద్దెనిమిది వేలు.
జేబుల చెయ్యి పెట్టి
తీసిన, ఉత్త చెయ్యే.
ముప్పై ఒక్క ఏండ్లు తొక్కిన కాళ్లు,
ఇంకొన్ని దినాలు ఆగుతయిలే.

రసూల్‌పురాల నా దుకాణం.
విమానాలు నెత్తిమీదికెళ్లే దిగేటియి, రేకులు దడదడ.
సూదిల దారం ఎక్కించేటోన్ని ఆగి,
అది పోయినంక ఎక్కించేటోన్ని.
పైలట్లు కోట్లు తెచ్చేటోళ్లు, చేతుల మీద బంగారు పట్టీలకు.
మూడున్నోడు నాలుగో పట్టీకి వస్తే
మిఠాయి డబ్బా తెచ్చేది.
ఎన్ని నాలుగులు కుట్టిన్నో!
ఒక్కపారి, కరెంటు పోయిన రాత్రి,
కెప్టెన్ ఈరాచ్ కోటు తొడిగి చూసిన.
చేతులు పొడుగైనయి.
కొలత నాదే, తప్పు లేదు.

ఎండకాలం మొదట్ల ఒక అర్ధరాత్రి
అన్నీ శంషాబాద్‌కు లేచిపోయినయి.
తెల్లారి ఆ సప్పుడు లేక
పక్కింటి యాదమ్మకు మెలకువ రాలే,
ఆమె పోరలు బడికి లేటు.

కత్తిరించే బల్ల మీదనే బిగించిన.
సన్న మరలు, నా వేళ్లకు కొత్త గాదు.
బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగినయి,
బొమ్మ రాలే.
విప్పిన, బిగించిన, తిట్టిన.
రాత్రి పదింటికి ఖలీల్ ఫోన్ల:
"ర్యామ్ నొక్కు కాకా, టిక్కుమనేదాక."
టిచ్‌బటన్ లెక్క అని ముందే చెప్పొద్దా.

ఇగో, మధ్యరాత్రి,
తూర్పుకెళ్లి వస్తున్న.
ఎడమదిక్కు హుస్సేన్‌సాగర్, ఎదురుంగ బేగంపేట దీపాలు.
కింద నా గల్లీ కోసం వంగి చూసిన.
లేదు.
ఎవడో అక్కడ చెట్లు నాటిండు,
ఎర్ర పెంకుల ఇండ్లు నాలుగు పెట్టిండు,
ఎవలున్నరో అందుల.
బల్ల కింద నా కాళ్లు
ఉత్తగాలినే తొక్కుతున్నయి.

రేకులు వణికేదాక సౌండు పెంచిన.

దబదబ గోడ కొట్టింది యాదమ్మ.
"ఏందన్నా, మళ్ల దిగుతున్నయా?"

జర ఆగమ్మా,
ఇంక చక్రాలు దించలే.