వాటం

చీమకుర్తి కాటా దగ్గర రాత్రి డ్యూటీ నాది.
లారీ ఎక్కుతుంది, తెరమీద టన్నులు వణికి వణికి నిలుస్తాయి,
చీటీ చించి ఇస్తాను.

ఆ నల్లరాయి మీద
మాలకొండయ్య ఎర్రరంగుతో రాసిన పర్మిట్ నంబరు
73939133.
పైకి చదివితే నోరు ఒకే మెట్టు రెండుసార్లు ఎక్కుతుంది:
ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల
ముప్ఫై తొమ్మిది వేల
నూట ముప్ఫై మూడు.

కుడి అంచున వెంట్రుకంత పగులుందని వెనక్కి పంపారు.
తీగరంపం జానెడు చెక్క కోసేసింది,
దాంతోపాటే రెండు మూళ్లూ పోయాయి.
మళ్లీ కాటా ఎక్కింది
739391 అయి.

ఒంగోల్లో మూడేళ్లు లెక్కలు చదివిన బుర్ర ఊరుకోదుగా.
పాడైన తూకం చీటీల వెనక
రెండుతో మొదలుపెట్టి ఎనిమిది వందల యాభై తొమ్మిది దాకా
ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోయాను.
నూట నలభై తొమ్మిది భాగారాలు,
మధ్యలో పద్నాలుగు లారీలు.
ప్రతిసారీ ఏదో ఒక మిగులు
అన్నంలో రాయిలా పంటికింద.
తెల్లారేసరికి తేలింది: ఇది చీలదు.

ఇంకో అంకె కొట్టేశాను. 73939. చీలదు.
7393. 739.
డెబ్భై మూడు.
ఏడు.
కోతకి ముందువి ఫోన్ చూసి పెట్టింది. అవీ అంతే.

కిరసనాయిల్లో కుంచె కడుగుతూ విన్నాడు మాలకొండయ్య.
"ఏ రాయికైనా ఒక వాటం ఉంటది పాపా.
కుడిపక్క కొట్టావు గనక నిలిచింది,
ఎడంపక్క కొట్టి చూడు."
ఎడమ అంకెల్ని అరచేత్తో మూశాను.
మిగిలింది 133.
ఏడు పంతొమ్మిదులు!
మూడో తరగతి దాటని మనిషి
బీడీ వెలిగించుకున్నాడు.

"మరి చివర ఇంకోటి కలిపితే?"
సరి అంకె పెడితే రెండు చీలుస్తుంది,
ఐదు పెడితే ఐదే పగ,
ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడు కాచుకుని ఉంటుంది.
మూడు, తొమ్మిది కాసేపు నిలిచేట్టే కనిపిస్తాయి,
ఫోన్ ఒప్పుకోలేదు.
కుడినుంచి ఎంత కోసినా నిలిచే సంఖ్యల్లో
ఇదే పెద్దది. దీని తర్వాత లేదు.

"తీసేకొద్దీ పెరిగేది గొయ్యి" అన్నాడు
క్వారీ వైపు పొగ వదిలి,
"చిన్నప్పుడు మా అవ్వ పొడుపుకథ.
తీసేకొద్దీ తరిగి కూడా విరగనిదాన్ని
ఇదే చూడ్డం."

కృష్ణపట్నం రేవులో ఆరంకెలు చెల్లవు.
కొత్త అంచు దగ్గర బెత్తెడు చోటే ఉంది.
రెండు మూళ్లనీ అందులోనే ఇరికించాడు,
ఒకదాని భుజం మీద ఒకటి, బస్సు ఫుట్‌బోర్డు మీద మనుషుల్లా.
రంగు ఆరకముందే లారీ కదిలింది.

తెరమీద అంకెలు జారి జారి
సున్నా.
ఎవరు భాగించినా
మిగులన్నది పెట్టనిది.