తిరగేసి

ఆదోనిలో మే నెల.
పత్తి సీజను అయిపోయి మూగబోయిన మిల్లు గోడకు
ఆనుకొని ఒక రేకుల షెడ్డు.
నేను టార్చి పట్టుకుంటానే
హుసేనప్ప లేచి ఫ్యాను బందు చేస్తాడు.
"గాలి తగిలితే గ్యాసు చెదురుతాది మే.
చెమట కారితే తుడుచుకుంటావు,
కుట్టు నల్లబడితే ఏం తుడుస్తావు?"

కుట్టు అనే అంటాడు ఆయన కూడా.
పదకొండేండ్లు రవికలు కుట్టినదాన్ని,
బేరాలు లేక మిషను అమ్ముకున్నదాన్ని,
ఆ ఒక్క మాటకు సగం ధైర్యం వచ్చింది.
మిగతా సగం ఎప్పుడూ రాలేదు,
వచ్చిన సగం మొదటి రోజే పోయింది.

కాలి కింద పెడలు.
అలవాటైన కాలు, అలవాటైన తొక్కుడు.
అక్కడ గట్టిగా తొక్కితే
గుడ్డ ముందుకు పరిగెత్తేది.
ఇక్కడ తొక్కితే ఏదీ కదలదు.
ఉన్నచోటే కరిగి, కుంగి,
రేకు నడుమ పావలా అంత బొక్క.
అందులోంచి
బెంచీ కింద నా చెప్పు కనపడింది.

టంగ్‌స్టన్ మొన ఉండాది చూడు,
అది అంటరాదు. దగ్గరికి పోవాల, తగలరాదు.
నేను తగిలిస్తాను.
మొన మీద గడ్డ కడతాది.
లే. గ్రైండరు కాడికి పో.
నిలువునా పట్టి సాన పట్టు, అడ్డంగా కాదు.
రా. కూర్చో. ముంచు. లే.
మంగళవారం ఇరవై మూడు సార్లు లేచినా.
లెక్క పెట్టింది నేను కాదు,
టీ తెచ్చే ఇమాంసా.

రాత్రి అన్నం ఉడికే లోపల
ఎడమ చేతి వేళ్ల సందున కడ్డీ ముక్క పెట్టుకొని
బొటనవేలితో ఇంతింత ముందుకు తోస్తాంటా.
చీకట్లో సూదికి దారం ఎక్కించిన వేళ్లు,
కడ్డీ దగ్గర మొండికేస్తాయి.
"ఏం వదినా, జపమా?" అంటాది
మా ఆడబిడ్డ ఉరుకుందమ్మ.
జపమే అనుకో.

పదమూడో రోజు పడింది.
వానపాము వీపు మీది వరసల్లాగ
ఒకదాని వెంట ఒకటి, సమానంగా.
మొదట ఉల్లిపొట్టు రంగు, తర్వాత పల్చని బంగారం,
కొసన నెమలి మెడ నీలం.
ముసుగు ఎత్తి అందర్నీ పిలిచినా.
ఫోను తీసి ఫోటో కూడా.

హుసేనప్ప వచ్చినాడు.
పై పక్క చూడనే లేదు.
పట్టకారుతో పట్టి తిరగేసినాడు.

అడుగున మాడిన బెల్లం పాకం.
పొక్కులు పొక్కులుగా, నల్లగా, చూస్తేనే రాలేటట్లు.

"డైరీ పైపులు మనవి.
నువ్వు చూసే పక్క ఇది.
పాలు తగిలే పక్క అది.
ఆ సందుల్లో చుక్క నిలిస్తే
మర్నాటికి ట్యాంకు మొత్తం పులుస్తాది."

తిట్టలేదు. తిట్టినా బాగుండు.
రవిక పట్టుకొచ్చిన ఖాజాబీతో
నేను అనే మాట గుర్తొచ్చింది:
లోపలి పక్క చూపియ్యి ముందు,
పోగులు ఎట్ల వదిలినావో చూస్తే
నీ చెయ్యి తెలుస్తాది.
ఎన్ని రవికలు విప్పించినానో ఆ పిల్లతో.
ఇప్పుడు అడగాలనుంది ఆమెను,
ఏడ్చినావా అని.

మర్నాడు పైపు రెండు మూతులకూ టేపు చుట్టి
సన్న గొట్టంతో లోపలికీ ఆర్గాన్ వదిలినాం.
బళ్ళారి నుంచి వచ్చే సిలిండరు.
ముల్లు పడిపోతాంటే
రూపాయలు పడిపోయినట్లే ఉంటాది నాకు.

వెలుగు ఆరింది.
చెయ్యి తియ్యబోయినా.
"ఉండు. ఆరినంక కూడా గ్యాసు వస్తాంటాది.
అది కప్పుతాంది. కప్పనియ్యి."

ముసుగు లోపల చీకటి.
చీకట్లో ఒక ఎర్రటి చుక్క, కుంకుడు గింజంత,
మెల్లగా మెల్లగా ముదురుతా.
ముక్కు కొసన చెమట. తుడుచుకోలేదు.
ఒకటి, రెండు, మూడు...
ఎనిమిది దాకా లెక్కపెట్టినా.

చల్లారినంక ఆయన లేవక ముందే
నేనే పైపు ఎత్తి, కన్ను పెట్టి లోపలికి చూసినా.
తెల్లగా ఉండాది.
కొసన మాత్రం వేలెడంత మాడు,
మొండిగా, అట్లే.

ఫ్యాను వేయమని అడగలేదు.
ఇంకో ముక్క తీసుకొని
తుడవడం మొదలుపెట్టినా,
లోపలి పక్క నుంచి.