బస్తా దునుకదు

మా ఇంట్ల టీవీ లేకుండె.
లేబర్ కాలనీల వాజిద్‌వాళ్ల కిటికి ఉండె.
దాని ఊసలు పట్టుకోని
శనివారం శనివారం నేను మెక్సికోకు పోయేదాన్ని.

ఆడిపోరికి గా కొట్లాటలేంది, అని మా అమ్మ.
మోకాళ్లకంటిన గోడసున్నం చూసి
ఎక్కడికి పోయొచ్చిన్నో కనిపెట్టేది.

అందరి లెక్క పత్తాలాడిన నేను గూడ:
ఛాతి ఎంత, బరువెంత, గెలిచినయెన్ని.
ఆ బలిసినోళ్లెవ్వరు నా మనసుకు ఎక్కలే.
నాకు నచ్చింది నీలి గద్ద.
సన్నగుంటడు, మా చిన్న మేనమామంత.
మొకానికి నీలం ముసుగు, కండ్ల సుట్టు వెండి కుట్టు.
తాడు మీదికెక్కి నిలవడి
కొంచెంసేపు ఏమీ చెయ్యడు.
గా కొంచెంసేపు కోసమే నేను ఊసలు పట్టుకునేది.
తర్వాత దునుకుతడు.
దునుకుడేముంది, ఎవడన్న దునుకుతడు.

ఆ ఆటల ఒక పందెం ఉన్నది.
ఓడినోడు ముసుగు తియ్యాలె.
తీసి, అందరి ముందట
తన పేరు, తన ఊరు,
ఎన్నేండ్ల సంది ఆడుతుండో చెప్పుకోవాలె.
వాజిద్‌వాళ్ల అన్న చెప్పిండు ఈ సంగతి.
ఆ రాత్రి నిద్ర పట్టలే.
దెబ్బ తాకితే మానుతది.
పేరు చెప్పినంక ఏం మిగుల్తది?

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిరపకాయల దినాలల్ల
కండ్లు తప్ప మొకమంత తువ్వాల సుట్టుకునేటోడు.
ఒక్క నాయిననే కాదు, యార్డు యార్డంత ముసుగులే:
ఎర్ర తువ్వాల, గళ్ల తువ్వాల, చినిగిన లుంగి ముక్క.
సద్ది తీస్కపోతే
నడక చూసి గుర్తువట్టాలె.
ఎర్రటి కుప్పల నడుమ
వందమంది నీలి గద్దలు
తుమ్ముకుంట, తిట్టుకుంట, బస్తాలు మోస్తుండేటోళ్లు.

"అంత ఉత్తదే" అన్నడు మా లెక్కల సారు.
"గెలుసుడు, ఓడుడు ముందుగాల్నే మాట్లాడుకుంటరు."
క్లాసంత నవ్విండ్రు.
నేను ఆ శనివారం నాయిన చెయ్యి వట్టి
కిటికి కాడికి గుంజుకపోయిన.
నువ్వు చెప్పు, ఉత్తదా?

నాయిన కాంటా కాడ నిలవడ్డట్టు నిలవడి చూసిండు.
నీలి గద్ద ఒక కొండంతోన్ని భుజానికెత్తంగనే
"ఆగు" అన్నడు, టీవీ ఆగుతదన్నట్టు.
"ఎత్తిచ్చుకునేటోడు దునికిండు, చూసినవా?
మడిమలు నొక్కి తనంతల తనే లేసిండు.
ఇరవై ఏండ్ల సంది మోస్తున్న,
బస్తా దునుకదు బిడ్డా.
ఒక్కటంటే ఒక్కటి దునుకలే."

ఇంటికి పోయే తొవ్వల సప్పుడు లేదు.
మోరి దాటినంక తనే అన్నడు:
"ఉత్తదైతే ఏమాయె.
కింద పడగొట్టేటప్పుడు
వాని తలకాయ కింద చెయ్యి వెట్టిండు ఈడు."

ఆ మాట నేను సారుకు చెప్పలే.

మొన్న ఎంజీఎంల చీటి రాపిచ్చినం.
కిటికి అవుతల పిలగాడు తలకాయెత్తకుంట అడిగిండు.
నాయిన దగ్గుకుంట తువ్వాల కిందికి గుంజిండు.
పేరు: గడ్డం ఓదెలు.
ఊరు: ఊకల్.
పని: హమాలి, ముప్పై ఎనిమిదేండ్లు.
ఎవ్వరు ఈలలెయ్యలే.
ఎనుకున్నాయన, జర జరుగమ్మా, అన్నడు.

పొద్దుమీకి నర్సమ్మ వచ్చి
లేపి కూసుండవెట్టుమన్నది.
సంకల కింద చేతులు వెట్టిన,
దమ్ము బిగవట్టిన,
ఎత్తిన.
అల్కగ లేసిండు.
అబ్బా, నాకింత బలం ఎక్కడిది అనుకున్న,
ఒక్క గడియ నిజంగనే అనుకున్న.

దిండు సదురుకుంట కాళ్ల దిక్కు చూస్తే
దుప్పటి మీద
రెండు మడిమల గుంటలు.