తరుగు

గుంటూరు మిర్చి యార్డు వెనక, రేకుల షెడ్డులో
నేను కాటా రాసేవాణ్ణి.
రెండొందల మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచీ తొడిమలు తీసి
సాయంత్రం గంపలతో వరుస కట్టేవారు.
గంపకి కిలో తరుగు రాయమని షావుకారు మాట.
ఎందుకండీ అంటే, గాలి, అన్నాడు.
గాలికి ఒక కిలో.
రెండేళ్ళు రాశాను.

మార్చిలో తేజ కాయలు దిగితే
షెడ్డులో ఊపిరి కూడా కారమే.
అక్కడ ఎవరూ చేత్తో కళ్ళు తుడుచుకోరు,
తుడుచుకుంటే ఇక ఆ పూటకి అంతే.
ఏడుపొస్తే భుజానికి ఒత్తుకోవాలి.
నవ్వి నవ్వి నీళ్ళొచ్చినా భుజమే.

కెజియమ్మని నేను గమనించింది
ఆ శ్రమదినాల్లో, మధ్యాహ్నం బువ్వ వేళ.
చెప్పులు అవతల విడిచి, కొంగు తలమీదికి లాక్కుని
ఖాళీ గోతాల మీద మోకరించేది.
చేతులు జోడించేది కాదు,
జోడిస్తే మంటకి మంట తోడవుతుందట.
అరచేతులు రెండూ పైకి తెరిచి
ఎవరో వాటిలో ఏదో పెట్టబోతున్నట్టు
ఊరుకునేది.
పెదాలు కూడా కదిలేవి కావు.
పెద్దమనిషి ఎదురుగా కూర్చున్న ఇంట్లో
చిన్నపిల్ల ఒద్దికలాంటిది ఆ మౌనం.

ఒక శనివారం కాటా దగ్గర ఆగిపోయింది.
"పద్దెనిమిది తూగింది. పదిహేడేసావేంది బాబూ?"
తరుగు, అన్నాను.
"ఎవరికి తరుగు?"
నేను షావుకారు గది వైపు చూశాను.
ఆమె చూడలేదు.
"నువ్వు రాసేదొక్కటే పుస్తకం అనుకోమాక.
పైన ఇంకోటి ఉంది. అందులో గాలికి లెక్క లేదు."

కేకలు. షావుకారు బయటికొచ్చి గంపని తన్నాడు.
నేలంతా ఎర్రగా కాయలు.
ధైర్యం రాయిలా ఉంటుందనుకునేవాణ్ణి అప్పటిదాకా.
ఆమె మోకాళ్ళు వణికాయి, నేను చూశాను.
చేతిలో క్యారేజీ గిన్నెలు గలగలమన్నాయి.
అలా వణుకుతూనే వంగి
ఒక్కొక్క కాయా ఏరి గంపలో పోసి
మళ్ళీ కాటా మీద పెట్టింది.
"ఇప్పుడు రాయి."

నేను రాయలేదు.

సోమవారం ఆమెకి గేటు తెరుచుకోలేదు.
బయటే గోతం పరుచుకుని కూర్చుంది.
ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు.
మధ్యలో వచ్చిన మట్టల ఆదివారం నాటి ఆకు సిలువ
క్యారేజీ పిడికి చెక్కుకుని, ఎండకి వడిలిపోతూ.

మంచినీళ్ళ నెపంతో దగ్గరికెళ్ళి అడిగాను,
నీకు భయం వెయ్యదా అని.
"ఎందుకెయ్యదు? ఏసిద్ది.
తెల్లారుజామున లేచి, ఉన్న భయమంతా
ఆయన ముందు పడేస్తా.
ఆనక మీ షావుకారికి భయపడదామని చూస్తే
ఇంకేం మిగలట్లా."
నవ్వింది. దగ్గొచ్చింది.
భుజానికి కళ్ళొత్తుకుంది.

పదో రోజు పద్దెనిమిదికి పద్దెనిమిది వేశాను.
ఆమె గంప కాదు, ఆమె ఇంకా బయటే ఉంది.
సెలవల్లో పనికొచ్చిన ఓ కుర్రదాని గంప.
ఆ పిల్ల అంకె చూసి, నన్ను చూసి,
తప్పు రాశావు, అంది.
నలభై మూడు గంపల దాకా అలాగే రాయనిచ్చారు.
తర్వాత పెన్ను లాక్కున్నారు.

గేటు బయట కెజియమ్మ ఏమీ అడగలేదు.
కాస్త జరిగి, గోతంలో సగం నాకు వదిలింది.

ఇప్పుడు పట్నంబజారులో, ఎరువుల కొట్లో పద్దు రాస్తున్నాను.
ఏటుకూరు రోడ్డు వైపు ఏదో కోల్డ్ స్టోరేజీలో
ఆమె కాయలు గ్రేడు చేస్తుందని విన్నాను.
ఆ షెడ్డులో తరుగు పోయిందో లేదో తెలీదు.
నాకు ప్రార్థన రాదు.
అంకె వేసే ముందు మాత్రం
ఎడమ అరచెయ్యి దానంతటదే తెరుచుకుంటుంది,
ఇన్నేళ్ళ తర్వాత కూడా
సన్నగా మండుతూ.