సఖినేటిపల్లి రేవులో ఎక్స్‌పోజర్

పంటు ఇంకా ఆవలి గట్టునే ఉంది.
కెమెరా ఎప్పట్లాగే ముందు నీళ్లను చూసింది,
తర్వాత కొంగను.
సలోమి ముఖం దగ్గరికొచ్చేసరికి
దానికి చూపు చాల్లేదు.
ఫ్రేములో ఓ చీర, రెండు గాజులు,
మధ్యన మనిషంత చీకటి.

"కనబడట్లేదా?" నవ్వింది.
"బళ్లో మాష్టారిక్కూడా అంతేనండి.
హాజరు పలికిందంతా సాల్మన్‌రాజు.
నేను వెనక బెంచీలో కూచునేదాన్ని,
వాడి చొక్కా లోపల."

రెండు స్టాపులు పెంచాను.
వశిష్ఠ మొత్తం కాలిపోయి తెల్లకాగితమైంది,
కొంగ మాయం,
ఆకాశం పోతే పోయింది.
ఆమె వచ్చింది.
చెక్కిలి మీద కొబ్బరినూనె తళుకు,
పైపెదవి మీద పొద్దున గీసిన నీలి నీడ,
కనుబొమ్మ చివర
రొయ్యల షెడ్డులో ఐసుగడ్డ కోసిన గీత.
నలుపులో ఇన్ని నలుపులా!
కాలవ అడుగు ఒండ్రుది ఒకటి,
వానకి తడిసిన తాటిబోదెది ఒకటి,
ఇంకోటి దేనిదో నాకు మాట దొరకలేదు.

పోయినేడు ఎవరో ఛానెలబ్బాయి వచ్చాడట,
మెడదాకా పౌడరు రాయించి
ఏడవమన్నాడట.
"ఏడిస్తే చారలు పడతాయి కదండీ అన్నాను.
ఆయ్, అదే కావాలన్నాడు."

ఆమె మనిషి పంటు మీద టిక్కెట్లు కొడతాడు.
పేరొద్దంది. చేతులవరకూ తీసుకోమంది.
అందుకే నా సినిమాలో ప్రేమకి మొహం లేదు.
చిల్లర లెక్కపెట్టే వేళ్లున్నాయి,
టిక్కెట్టు చేతిలో పెట్టాక
ఒక వేలు
అక్కడే కాసేపు మర్చిపోవడం ఉంది.

రాత్రి హైదరాబాదు నుంచి ఎడిటరు:
"ముఖం కొంచెం లేపుదామా మేడమ్, మరీ డల్‌గా ఉంది."
మా అమ్మమ్మా అదే చేసేది నాకు,
ప్రతి ఆదివారం, శనగపిండితో,
మోచేతులు మండేదాకా.
వద్దన్నాను.
అప్పుడు అనలేని వద్దులు కూడా కలిపి
కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.

ఆఖరి రోజు. పంటు గొలుసు జారింది,
మోటారుసైకిళ్లు తోసుకున్నాయి.
మైకు విప్పబోతే నా మణికట్టు పట్టుకుంది.
"నన్ను పది రోజులు అడిగావు. మరి నీ సంగతేటి?
రోజూ తొమ్మిదింటికి ఫోనులో
తిన్నావా అని అంత మెల్లగా అడుగుతావే,
ఆ పిల్ల పేరేటి?"

ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది.
ఆపలేదు నేను.
చెప్పాను.

రికార్డులో ఎంత వెతికినా ఆ చోట
ఇంజను గరగర తప్ప ఏమీ లేదు.
సలోమి మాత్రం ఆ పేరుని
ఒకసారి నోట్లో వేసుకుని చూసింది,
ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టు.