బాణం మీద

మెసాయీద్ క్యాంపులో, రాత్రి షిఫ్టు దిగొచ్చి
ఖుబూస్ కవరు చింపి పరిచాడు లింబాద్రి.
నలభై రెండేళ్ళకు ఓపెన్ టెన్త్ రాస్తాడట.
నైట్రోజన్, హైడ్రోజన్,
బాణం,
అమ్మోనియా.

"అమ్మోనియా కిందున్న మూడును రెండు జేస్తే
హైడ్రోజన్ లెక్క తీరుతది గద సారూ?"
వద్దన్నాను.
కింది అంకె దాని పుట్టుక.
ముట్టుకుంటే అది అది కాదు.
మన చేతిలో ఉన్నది ముందు అంకె, ఎన్ని అన్నదే.
ఇటు ఆరు హైడ్రోజన్లుంటే అటూ ఆరే,
మెస్సులో చెంచాలు లెక్కపెట్టినట్టు.

నైట్రోజన్ జంటకు మూడు ముళ్ళు.
ఊరికే విడిపోదు.
నాలుగొందల డిగ్రీల పైన వేడి, కొండంత ఒత్తిడి,
పక్కన ఇనుము.
ఇనుము ముళ్ళు విప్పి
తను ఎప్పట్లాగే మిగులుతుంది
అని పుస్తకంలో ఉన్నదే చదివాను.

"మరి గా ఇనుము ఏ దిక్కు రాయాలె?"
ఏ దిక్కూ కాదు.
బాణం మీద, చిన్నగా.

పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు ఊకున్నాడు.
"ఎప్పటిలెక్కనే ఎట్లుంటది?
మొన్న షట్‌డౌన్ల టవర్లకు దిగి
నేనే డ్రమ్ములకెత్తిన.
సత్తువ పోయిన ఇనుము.
గాలి తగిలితే
ఇంకా కాలుతుండె."

కవరు తిరగేశాడు.
"ఇంకో లెక్క ఇయ్యి."