అడ్డంగా ఊపిన తల

ఐస్‌లాండు ఉత్తరపు కొసన మా రేవు.
చలికాలం పగలంటే నాలుగు గంటలే,
మిగతాదంతా హాల్లో ట్యూబులైట్ల వెలుగు.
అంతకుముందు అది చేపల గోదాము.
ఎన్నిసార్లు సున్నం కొట్టినా
వాన పడితే గోడలు ఉప్పు కక్కేవి.

అక్కడికి వచ్చింది జోర్నిత్సా వెల్కోవా,
బల్గేరియాలో ప్లెవెన్ నుంచి,
నవంబరులో, పల్చటి కోటుతో.
పగలు ఫ్యాక్టరీలో కాడ్ చేపలకు ముళ్ళు తీసే పని.
సాయంత్రం ఆరు నుంచి మేము:
తొమ్మిదిమందిమి,
పిల్లిమొగ్గలు తప్ప ఏమీ రానివాళ్ళం.

మా భాషలో ఆమెకి ఒక్కటే మాట వచ్చు.
ఆఫ్తుర్. మళ్ళీ.
ముల్లు మిగిలిన ప్రతి ముక్కనీ వెనక్కి తోస్తూ
ఫోర్‌మన్ నేర్పిన మాట.

మొదటి వారంలోనే దూలం మీద
రెండు చేతులూ ఆన్చి బండిచక్రంలా తిరిగాను.
బెత్తెడు వెడల్పు కూడా లేని దూలం.
కాలు జారలేదు, మోకాలు వంగలేదు.
ఆమె తల అడ్డంగా ఊపింది.
మళ్ళీ తిరిగాను.
అడ్డంగానే ఊపింది, పైగా నవ్వుతూ.
ఏడుసార్లు.
ఏడోసారి దిగి చాప మీద బోర్లా పడి
వెక్కివెక్కి ఏడ్చాను.
ఆమె నా వీపు మీద చెయ్యి వేసి
ఏమైందో తెలియక అలాగే కూర్చుంది.

ఒకప్పుడు ఓడల్లో తిరిగిన ఇంగోల్ఫుర్ తాత చెప్పాడు మర్నాడు:
వాళ్ళ దేశంలో అడ్డంగా ఊపితే అవునని,
నిలువుగా ఊపితే కాదని.
ఏడు అవునులు!
ఏడింటినీ ఏడ్చుకుంటూ ఇంటికి మోసుకెళ్ళాను నేను.

తన గురించి అడిగితే ముక్కలుగా చెప్పేది.
ఆరేళ్ళప్పుడు ఎవరో బడికి వచ్చి
మోకాళ్ళు వంచి చూసి, భుజాలు కొలిచి తీసుకెళ్ళారు.
పదమూడుకి వీపు మీద దేశం పేరు.
పదహారుకి చీలమండ.
ఇరవైకి, ఆ జిమ్ములో కరెంటు బిల్లు కట్టే నాథుడు లేడు.
అంతే.
మిగతాది సుద్దపొడిలో చేతులు ముంచి
తట్టేసేది.
ఆమె అరచేతులు కాయలు కాచి ఉండేవి.
ఏది కడ్డీ కాయించిందో, ఏది కత్తి కాయించిందో
నాకైతే తేడా తెలిసేది కాదు.

దిగాక ఒక్క అడుగు కదిలినా పదోవంతు కోత.
"నిలదొక్కుకో" అనేది,
అప్పటికి మా మాటలు కొన్ని పట్టుబడ్డాయి.
తిన్నా దిగుతుంటే మాత్రం ఏమీ అనేది కాదు,
ఊపిరి బిగబట్టి తన చీలమండ తను పట్టుకునేది.

"నువ్వూ ప్లెవెన్ నుంచి దూకావుగా,
ఎన్ని అడుగులు కదిలావు?"
పదేళ్ళ పొగరు నాది.
ఆమె నిజంగానే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
సోఫియా.
వియెన్నాలో ఒక చిన్నమ్మ సోఫా.
హాంబుర్గులో హోటలు పక్కదుప్పట్లు.
ఇక్కడ.
నాలుగు పదోవంతులు పోయాయంది.
పర్లేదు, పతకం రాదు గానీ
పాయింట్లు వస్తాయంది.

నాకు పద్నాలుగప్పుడు ప్లోవ్‌దివ్‌లో పోటీలకి వెళ్ళాం.
మేం పదకొండో స్థానం. అది వేరే కథ.
బస్సు ఎక్కేముందు పళ్ళకొట్టుకి వెళ్ళింది ఆమె.
సంచీ కావాలా అని అడిగిందట కొట్టామె, ఆమె భాషలోనే.
ఆమె తల నిలువుగా ఊపింది.
పద్దెనిమిది పీచు పళ్ళు
మా జట్టు జాకెట్టులో మూటగట్టుకొచ్చింది,
రెండు దారిలో దొర్లిపోయాయి.
మెట్టెక్కి నిలబడి, ఏమయిందో చెప్పబోయి,
నవ్వు ఆపుకోలేక
డ్రైవరు సీటు పట్టుకుంది.

నా అరచేతిలో ఆ రోజే తెగిన పొక్కు.
రసం తగిలి భగ్గుమంది.
అయినా వదల్లేదు, ముంజేతి దాకా కారుతుంటే నాకేశాను.

"ఇంకోటి కావాలా?" అంది.
తల అడ్డంగా ఊపాను.
ఇచ్చింది.